ఫినాయిలు పోసి కడిగిన దిబ్బ

పెద్దలందరికీ నమస్కారం. డాక్టర్ జయరాం గారికీ, నా తోటి సిస్టర్లకూ, ఆయమ్మలకూ, ముందు వరుసలో కూర్చున్న చెన్నమ్మక్క కూతురు నందినికీ నమస్కారం. పనులు మానుకుని, బిడ్డల్ని చంకనేసుకుని, రాయదుర్గం నుంచీ కొత్తచెరువు నుంచీ బస్సులెక్కి వచ్చిన తల్లులందరికీ నమస్కారం.

నా పేరు ఇంద్రాణి. ఈ ఆస్పత్రిలో పసిబిడ్డల వార్డుకు హెడ్ నర్సును. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, బరువు చాలనివాళ్ళు, పుట్టగానే ఏడవనివాళ్ళు, అలాంటి బిడ్డల్ని చూసుకునే వార్డు మాది. ఆ వార్డులో ఆయాగా పనిచేసిన చెన్నమ్మ పోయిన వారం పొద్దున్నే డ్యూటీకి బయల్దేరి, రాప్తాడు బస్టాండులో కూలబడిపోయింది. గుండె ఆగింది. ఇక్కడికి తెచ్చేలోపే అంతా అయిపోయింది. ఎన్నెన్ని ప్రాణాలు నిలబడటానికి చెయ్యి వేసిందో ఆ మనిషి! తన ప్రాణాన్ని మాత్రం మా చేతుల దాకా రానివ్వలేదు.

చెన్నమ్మక్క గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెబుతాను. కానీ ఆమె నెమ్మదస్తురాలు, మితభాషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు అని చెబితే మీరు నవ్వుతారు. ఇదిగో, అప్పుడే నవ్వుతున్నారు. మా వార్డులో గట్టిగా మాట్లాడకూడదని రూలు. ఆ రూలును ఆస్పత్రి గేటు దాకా వినబడేలా అరిచి చెప్పిన మనిషి చెన్నమ్మక్క ఒక్కతే. "నోళ్ళు మూయండప్పా, బిడ్డలు పండుకోనుండారు!" ఈ మాట వినని వాళ్ళెవరైనా ఇక్కడ ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి. లేరు. నాకు తెలుసు.

మన అనంతపురంలో ఆయమ్మ అనే మాటకు రెండర్థాలు. ఆస్పత్రిలో ఆయా పని చేసే మనిషీ ఆయమ్మే, పేరు పెట్టి పిలవకుండా మర్యాదగా చెప్పుకునే ఏ ఆడమనిషైనా ఆయమ్మే. మా వార్డులో మాత్రం ఎవరైనా "ఆయమ్మ చెప్పింది" అంటే, ఏ ఆయమ్మ అని తిరిగి అడిగినవాళ్ళు లేరు.

ఆమె పనేమిటి? కసువు ఊడ్చడం, నేల తుడవడం, తడిసిన గుడ్డలు మార్చడం, తల్లుల దగ్గర పిండిన పాలు ఉగ్గుగిన్నెలో పట్టుకుని రావడం. భయంతో వణికిపోతున్న తల్లిని చెయ్యి పట్టుకుని లోపలికి తేవడం, కుర్చీలో కూర్చోబెట్టడం, పిడికెడంత బిడ్డను ఆమె రొమ్ముకు ఆనించి చీరతో కట్టి, "ఇట్లే పెట్టుకో, నీ వేడే వానికి మందు" అని చెప్పడం. ఇవి చిన్న పనులా? చిన్న పనులంటారు. చెయ్యనివాళ్ళు అంటారు.

అన్నిటికంటే పెద్ద పని ఇంకొకటుంది. వార్డు తలుపు దగ్గర కుళాయి పక్కన నిలబడి, వచ్చిన ప్రతి మనిషి చేతా చేతులు కడిగించడం. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మోచేతుల దాకా. నేను సరిగ్గా కడుక్కోకపోతే నన్నూ ఆపేది. డాక్టర్ గారూ, మిమ్మల్ని ఎన్నిసార్లు వెనక్కి పంపిందో ఇక్కడ చెప్పను, మీ మర్యాద కోసం.

ఒకసారి ఒక నాయకుడు వచ్చాడు. పేరు చెప్పను, మంచి మనిషే. ఆయన పుట్టినరోజు. వెనకాల ఇరవై మంది, ముందు ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, చేతుల్లో రొట్టెల సంచులు, యాపిల్ పండ్లు. రోగులకు పంచుతూ పంచుతూ మా వార్డు దాకా వచ్చాడు. మేమంతా లేచి నిలబడ్డాం. చెన్నమ్మక్క కదల్లేదు. చేతి కడియం తీయమంది, వాచీ తీయమంది, చెప్పులు బయట విడవమంది. ఆయనకు కోపం వచ్చింది. నేనెవరో తెలుసా అన్నాడు. "నువ్వెవురో నాకు తెలుసన్నా. లోపలుండే బిడ్డలకు తెలీదు. కడుక్కోని రాపో" అంది. ఆ ఇరవై మందీ నోరెళ్ళబెట్టారు. ఏమనుకున్నాడో ఏమో, ఆయన చొక్కా చేతులు మడుచుకుని కడుక్కున్నాడు. కడుక్కుని రొట్టె సంచి చేతికి తీసుకునేసరికి ఆమె మళ్ళీ అడ్డం నిలబడింది. "రొట్టె కొరికే పళ్ళు మావాళ్ళకింకా రాలేదన్నా. తల్లులకియ్యి, ఆకలిమీదుండారు" అంది. అప్పుడు ఆయనకే నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా కుళాయి దగ్గరికి తనంతట తానే వెళ్ళేవాడు.

అదీ చెన్నమ్మక్క నోరు. ఇక ఆమె మనసు ఎలాంటిదో చెప్పాలంటే ఎర్రప్ప గారి సంగతి చెప్పాలి. ఆయన అదిగో, మూడో వరుసలో కూర్చున్నారు. చెప్పనా అన్నా? తలూపారు. చెబుతాను.

ఎర్రప్పన్నది కొత్తచెరువు దగ్గర పల్లె. భూమి ఉన్న కుటుంబం, శెనక్కాయ పంట. ఒకప్పుడు సర్పంచిగా చేసిన మనిషి, వేసిన బోర్లు వేసినట్టే ఎండిపోతున్నా తల వంచని మనిషి. ఆయన కొడుకు భరత్, కోడలు ఐశ్వర్య. ఐశ్వర్యకు మొదటి కాన్పులో బిడ్డ నిలవలేదు. రెండో కాన్పు నెలలు నిండకుండానే వచ్చింది. మగబిడ్డ. మా వార్డుకు తెచ్చారు. భరత్ బయట వరండాలో నిలబడి తండ్రికి ఫోను చేశాడు.

మన జనం ఏమంటారు? ఇలాంటి బిడ్డల్ని పడుకోబెట్టే, గాజు గోడలూ పైన వెచ్చటి దీపమూ ఉన్న పెట్టెను మేము వార్మర్ అంటాం. జనం బాక్సు అంటారు. భరత్ కూడా అదే అన్నాడు. "నాయనా, బిడ్డను బాక్సులో పెట్టినారు." అంతే, ఫోను కట్టయింది. మళ్ళీ కలవలేదు. ఆ గుట్టల నడుమ సిగ్నల్ సంగతి మీకు నేను చెప్పాలా?

అయ్యా, మన పల్లెల్లో బాక్సు అంటే ఏమిటి? ఎవరైనా పోతే, దూరాన ఉన్న బంధువులు వచ్చేదాకా పీనుగను చల్లగా ఉంచే కరెంటు పెట్టె. ఎర్రప్పన్నకు తెలిసిన బాక్సు అదొక్కటే. ఇల్లంతా గొల్లుమంది. ఆయన కళ్ళు తుడుచుకుని, చేని గట్టున, మొదటి బిడ్డను పెట్టిన చోటి పక్కనే ఇంకో గుంత తవ్వించాడు. కొత్త తెల్లగుడ్డ కొన్నాడు. బంధువుల్ని జీపులో ఎక్కించుకుని, భరత్ మందుల కోసం బయటికి పోయిన వేళకు వచ్చి మా తలుపు ముందు నిలబడి, "మా బిడ్డను మాకిచ్చేయండమ్మా, పొద్దుగూకక ముందే పోవల్ల" అని అడిగాడు.

ఆ ఏడుపులు విని చెన్నమ్మక్క బయటికి వచ్చింది. "ఎవురు పోయినారని ఏడస్తాండారప్పా? లోపల మీవాడు కాళ్ళాడిస్తాండాడు!" అంది.

ఎగిరి గంతేస్తారనుకుంటాం కదా? వెయ్యలేదు. ఎర్రప్పన్న వరండాలోనే కూలబడ్డాడు. బిడ్డ ఎట్లుండాడని అడగలేదు. "మరి తవ్విన గుంత?" అన్నాడు.

తవ్విన గుంత ఊరికే ఉండదని మన పెద్దలు చెబుతారు. ఎవరి కోసం తవ్వితే వాళ్ళను అడుగుతుందంటారు. ఒక బిడ్డను పెట్టిన చేతులు ఆయనవి. ఆ చేతులకు ఆ మాట ఎంత బరువో మీరే ఆలోచించండి. ఇంట్లో ఆడవాళ్ళు ఐశ్వర్యకు చెప్పారు, బిడ్డ మొహం చూడొద్దు, మమకారం పెంచుకుంటే రేపు ఓర్చుకోలేవు అని. ఆ పిల్ల పాలివ్వడానికి రావడం మానేసింది. పక్క వార్డులో గోడ వైపు తిరిగి పడుకుంది. లోపల బిడ్డ బాగానే ఊపిరి తీసుకుంటున్నాడు, కానీ బరువు పెరగడం ఆగింది. డాక్టర్ గారు చెప్పారు, నేను చెప్పాను. అన్నిటికీ తలూపారు. రాలేదు. ఆ బిడ్డకు కావలసిన మందులన్నీ మా దగ్గర ఉన్నాయి. అమ్మే లేదు.

అప్పుడు చెన్నమ్మక్క నా దగ్గరికి వచ్చి, "బిడ్డను దిబ్బ మీద పెట్టల్ల సిస్టరూ" అంది.

మీలో పెద్దవాళ్ళకు ఈ ఆచారం తెలుసు. బిడ్డలు నిలవని ఇంట్లో పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటదిబ్బ మీద వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. ఇంకొకరు ఎత్తుకుని, నాకు దొరికిన బిడ్డ అంటారు. చారెడు తవుడు తీసుకుని కన్నవాళ్ళకు మళ్ళీ అమ్ముతారు. చావు వెతుక్కుంటూ వస్తే, ఈ బిడ్డ వీళ్ళ బిడ్డ కాదులే అని పోవాలని.

నేను గయ్యిమన్నాను. నెలలు నిండని బిడ్డను పెంటకుప్ప మీద పెడతావా, నా కంఠంలో ప్రాణముండగా జరగదు అన్నాను. ఆమె ఏమన్నదో వినండి. "కసువు ఊడ్చేది నేను. నేను కసువు పోసిన తావే దిబ్బ. ఆ తావు ఎట్లుండల్లో నువ్వు చెప్పు, అట్లే పెడతా."

ఎట్లా కాదంటాను? వార్డు తలుపు లోపలి మెట్టు మీద చీపురు నిలబెట్టి, ఇదే దిబ్బ అంది. ఫినాయిలు పోసి కడిగింది, తుడిచింది, మళ్ళీ కడిగింది. కొత్త చేట తెప్పించి సబ్బుతో రుద్ది ఎండలో పెట్టింది. ఆపరేషన్ గుడ్డలతో పాటు ఆవిరి పట్టించిన గుడ్డను అందులో పరిచింది. ఎర్రప్పన్నతో సహా వచ్చిన బంధువులందరి చేతా మోచేతుల దాకా కడిగించింది. నా సర్వీసులో చాలా ఆపరేషన్ గదులు చూశాను. అంత శుభ్రమైన దిబ్బను మాత్రం చూడలేదు.

ఐశ్వర్యను పట్టుకుని తీసుకొచ్చారు. ఆ పిల్ల బిడ్డను చేటలో పెట్టి, వెనక్కి తిరిగి నడిచింది. చెన్నమ్మక్క రెండడుగులు వేసి, "అయ్యో, ఎవురో బంగారట్లా బిడ్డను పారేసిపోయినారే! నాకు దొరికినాడు, వీడు నా బిడ్డ" అని ఎత్తుకుంది. ఆమెది రాయదుర్గం వైపు పుట్టిల్లు. అక్కడ కన్నడం కలిసిన మాటల్లో తిప్ప అంటే దిబ్బే. అందుకని తిప్పేష్ అని పేరు కూడా ఆమే పెట్టింది.

ఎర్రప్పన్న ఆచారం ప్రకారం తవుడు మూట విప్పాడు. ఇక్కడ చెన్నమ్మక్క ఎవరూ అనుకోని పని చేసింది. అమ్మనంది! "గుంత ఎంత లోతు తవ్వించినావప్పా?" అని అడిగింది. మొలలోతు అన్నాడాయన. "అట్లయితే వీడు నీ మొల దాటి పెరిగినాక రా, అప్పుడమ్ముతా. అందాకా వీడు నా బిడ్డ. మీ ఇంట్లో పెరుగుతాడు, అంతే. ఆ గుంత నీ మనవని కోసం కదా తవ్వించినావు? నా బిడ్డతో దానికేం పని? పోయి దాంట్లో కానుగ మొక్క నాటు" అంది.

తర్వాత ఐశ్వర్య వైపు తిరిగింది. ఆమె గొంతు అంత మెత్తగా పలకడం నేను అప్పుడే విన్నాను. "ఏమ్మా, నా బిడ్డకు ఆకలైతాంది. కొంచెం పాలిస్తావా?"

ఐశ్వర్య చేతులు చాపింది. తన బిడ్డను చూడటానికి భయపడిన తల్లి, ఇంకొకరి బిడ్డ ఆకలికి చేతులు చాపింది. నమ్మకమా, మూఢనమ్మకమా అని నన్ను అడగొద్దండి. నేను సైన్సు చదువుకున్నదాన్ని, వాదించడం మొదలుపెడితే ఆపను. నేను కళ్ళారా చూసింది చెబుతున్నాను. ఆ తల్లికి పాలు మళ్ళీ వచ్చాయి. బిడ్డ బరువు పెరిగి ఇంటికి వెళ్ళాడు.

ఆ తర్వాత మా వార్డులో బాక్సు అనే మాట వినబడితే చెన్నమ్మక్క ఊరుకునేది కాదు. ఉయ్యాల అనాలి. వరండాలో ఎవరైనా ఫోను తీస్తే పక్కకు పోయి నిలబడి, "బిడ్డ ఉయ్యాల్లో ఉండాడని చెప్పు, ఇంకో మాట చెప్పొద్దు" అనేది. ఇప్పుడు మా కొత్త డాక్టర్లు కూడా ఉయ్యాలే అంటున్నారు.

ఏటా శెనక్కాయ పంట ఇంటికి వచ్చాక ఎర్రప్పన్న ఒక చేత్తో తవుడు మూట, ఇంకో చేత్తో తిప్పేష్‌ను పట్టుకుని వచ్చేవాడు. చెన్నమ్మక్క ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి కొలిచేది. ఒక ఏడు, "చెప్పులేసి నిలబెట్టినావు, చెల్లదు" అంది. ఇంకో ఏడు వాడు నిజంగానే ఆయన మొల దాటాడు. ఆమె అటూ ఇటూ చూసి, "ధర పెరిగిందప్పా. నీ ఎద దాటనీ" అంది. ఇంత మాట తప్పే మనిషిని నేనెక్కడా చూడలేదని ఎర్రప్పన్న నాతో మొర పెట్టుకున్నాడు. మొర పెట్టుకుంటూనే నవ్వాడు. తవుడు మూట తెచ్చినట్టే తీసుకుపోయేవాడు. తిప్పేష్ చేతులు మాత్రం ఆమె ప్రతిసారీ కుళాయి దగ్గర కడిగించి, గోళ్ళు చూసి, ఒక బిస్కెట్టు పొట్లం పెట్టి పంపేది.

అమ్మలారా, మా వార్డు నుంచి అందరు బిడ్డలూ ఇంటికి వెళ్ళలేదు. ఆ తల్లుల్లో కొందరు ఈ రోజు ఇక్కడికి వచ్చారు. వాళ్ళెందుకు వచ్చారో నాకు తెలుసు. నిలవని బిడ్డను చెన్నమ్మక్క గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి, ఉతికిన గుడ్డలో చుట్టి, తల్లి ఒళ్ళో పెట్టేది. ఎవరు తొందర పెట్టినా వినేది కాదు. "ఒట్టి చేతుల్తో పంపగూడదు సిస్టరూ. ఎత్తుకున్నాననే గుర్తన్నా ఉండల్ల ఆ తల్లికి" అనేది. ఆ కాసేపు మాత్రం ఆమె ఎవరినీ నోరు మూయమనలేదు. ఏడవనిచ్చేది. పక్కన కూర్చుని తనూ ఏడ్చేది.

ఇక పోయిన వారం సంగతి. రాప్తాడులో ఆమెను మట్టి చేయడానికి తీసుకుపోయాం. భర్త ఎప్పుడో పోయాడు, ఉన్నది ఒక్క కూతురు. మొదటి పిడికెడు మన్ను ఎవరు వెయ్యాలి అని పెద్దలు మాట్లాడుకున్నారు. కొడుకు లేడు కదా, మరిది కొడుకు వేస్తాడులే అన్నారు. దించబోతుంటే నందిని అడ్డం నిలబడింది. అచ్చం వాళ్ళమ్మ గొంతు. "మా అమ్మకు కొడుకుండాడు. కొత్తచెరువు నుంచి వస్తాండాడు. కాసుకోండి" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఎండ మాడిపోతోంది. గొణుక్కుంటూనే నిలబడ్డారు. అంతలో జీపు వచ్చింది. ఎర్రప్పన్న దిగాడు, భరత్, ఐశ్వర్య దిగారు. వాళ్ళ వెనక తిప్పేష్ దిగాడు.

బయల్దేరేటప్పుడు వాళ్ళ ఊళ్ళో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. కులపెద్దలు అడ్డం పడ్డారట. తాత, నాయన నిక్షేపంగా ఉండగా మన ఇంటి మగబిడ్డ ఎవరో ఆస్పత్రి ఆయమ్మకు మన్నేస్తాడా, ఇది ఇంటికి అరిష్టం, ఊరికి తలవంపు అన్నారట. ఎర్రప్పన్న ఒక్క మాట అన్నాడట. "తవుడు ఎత్తుకోని ఎన్ని తూర్లు పోయినా ఆయమ్మ అమ్మలేదు. అమ్మనప్పుడు వాడు ఎవురి బిడ్డ? మీరే చెప్పండి." అని జీపెక్కాడట.

అయ్యా, ఆ బిడ్డ కోసం ఒకప్పుడు మొలలోతు గుంత తవ్వారు. దాని దగ్గరికి వాణ్ణి పోనివ్వని మనిషి ఆ రోజు తను గుంతలో పడుకుంది. వాడు ముందుకొచ్చి, పిడికెడు మన్ను తీసుకుని, అమ్మా అని వేశాడు. ఐశ్వర్య పక్కనే నిలబడి ఉంది. ఆ పిలుపుకు ఆమె మొహం చిన్నబుచ్చుకోలేదు. కొడుకు తల మీద చెయ్యి వేసింది.

మన్ను వేసి వాడు నేరుగా శ్మశానం గేటు పక్కనున్న కుళాయి దగ్గరికి నడిచాడు. ఎవరూ చెప్పలేదు. చొక్కా చేతులు మడిచాడు. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మోచేతుల దాకా కడుక్కున్నాడు. అది చూసి అప్పటిదాకా ఏడవని నేను ఏడ్చేశాను.

చెన్నమ్మక్కా, నీ బిడ్డను నువ్వు అమ్మనే లేదు. ఇక ఎవరూ కొనలేరు.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. బిడ్డలున్నవాళ్ళు ఎత్తుకునే నిలబడండి. ఆమె ఎంత అరిచినా ఈ వరండాలో ఏ రోజూ మనం నోరు కట్టుకున్నది లేదు. ఈ ఒక్కసారి ఆమె మాట విందాం. ఈ రోజు అరిచి చెప్పడానికి ఆమె లేదు కాబట్టి నేను చెబుతున్నాను, ఆమె మాటల్లోనే.

నోళ్ళు మూయండప్పా. ఆయమ్మ పండుకోనుండాది.